తుపాకి మార్చుకోవాలా, నియమం మార్చాలా?

ఏకం: మల్టీగన్ నాకు ప్రాణం. అందుకే ఈ బాధ. ఒకే స్టేజ్‌లో పిస్టల్, రైఫిల్, షాట్‌గన్ మూడూ వాడాలి. టైమర్ కూయగానే పరుగు మొదలు. కాగితం బొమ్మలు, ఇనప పలకలు, గాల్లోకి లేచే మట్టి పళ్ళేలు అన్నీ కొట్టి ముగించాలి. ఇంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ అంతా పనిముట్ల దగ్గరే. నా రైఫిల్ మీద దూరపు గురికి స్కోప్ ఉంది. దాని పక్కనే, 45 డిగ్రీల వాలులో, దగ్గరి బొమ్మల కోసం చిన్న రెడ్ డాట్ ఉంది. అమెరికాలో చాలా మ్యాచ్‌ల్లో ట్యాక్టికల్ డివిజన్ అంటే రైఫిల్ మీద ఒక్కటే ఆప్టిక్. రెండోది కనిపించిందా, ఓపెన్‌లోకి తోసేస్తారు. ఓపెన్‌లో పిస్టల్‌కి కూడా రెడ్ డాట్, గొట్టం చివర కాంపెన్సేటర్, షాట్‌గన్‌కి పెట్టె మ్యాగజైన్ పెట్టుకున్నవాళ్ళు ఉంటారు. చేతివేలంత వస్తువు ఒకటి ఉన్నందుకు నేను వాళ్ళతో పోటీ పడాలి. ఫలితాల పట్టిక చూసినవాళ్ళకి నా చేయి బాగోలేదనే అర్థమవుతుంది. తప్పు చేతిది కాదని అక్కడ ఎవరు రాస్తారు?

అనేకం: ఆ రెండో ఆప్టిక్ పెట్టుకున్నది మీరే కదండీ. నియమం మ్యాచ్‌కి ముందే అచ్చై ఉంది. దాన్ని విప్పి పక్కన పెడితే ట్యాక్టికల్‌లోనే ఉంటారు. అప్పుడు స్కోప్‌ని 1 ఎక్స్‌కి తిప్పి దగ్గరి బొమ్మలు కొట్టాలి, మళ్ళీ 6 ఎక్స్‌కి తిప్పి దూరపు పలకలు అందుకోవాలి. ఏ బొమ్మల ముందు తిప్పాలి, పరిగెత్తేటప్పుడు తిప్పాలా, ఆగాక తిప్పాలా అన్న నిర్ణయం ఒకటి మీ మీద పడుతుంది. ఆ నిర్ణయమే నైపుణ్యం. రెండో ఆప్టిక్ ఉన్నవాడికి ఆ ప్రశ్నే ఎదురుకాదు. డివిజన్ మిమ్మల్ని శిక్షిస్తోందని మీరంటున్నారు. ఏ నైపుణ్యాన్ని కొలుస్తున్నామో అది చెబుతోందని నేనంటున్నాను.

ఏకం: సరే, నైపుణ్యాన్ని కొలిచే నియమాలంటున్నారు కాబట్టి కొన్ని కొలతలే తీద్దాం. అమెరికా షూటింగ్ సంస్థ యూఎస్‌పీఎస్‌ఏ ఓపెన్ డివిజన్‌లో పిస్టల్ మ్యాగజైన్ 171.25 మిల్లీమీటర్ల పొడవుండొచ్చు. అంతర్జాతీయ సంస్థ ఐపీఎస్‌సీ ఓపెన్‌లో గరిష్ఠం 170. ఇక్కడ నిన్నటిదాకా చెల్లిన మ్యాగజైన్ ప్రపంచ పోటీ గేజ్‌లో ఇరుక్కుంటుంది. ఒకటింపావు మిల్లీమీటర్ల తేడాలో ఏ నైపుణ్యం దాగుంది? ఇంకోటి. గుండు బరువుని గ్రెయిన్లలో తీసుకుని, వేగాన్ని సెకనుకి అడుగుల్లో తీసుకుని, రెండూ గుణించి వెయ్యితో భాగిస్తే వచ్చేది పవర్ ఫ్యాక్టర్. 180 గ్రెయిన్ల .40 గుండు 925 అడుగుల వేగంతో వెళ్తే 166.5. యూఎస్‌పీఎస్‌ఏ లిమిటెడ్‌లో మేజర్ అనే ఎక్కువ శక్తి తరగతికి 165 చాలు, కనుక అది మేజర్. అదే తూటా, అదే పిస్టల్, ఐపీఎస్‌సీ స్టాండర్డ్‌కి తీసుకెళ్తే అక్కడ 170 కావాలి. వేగం కొలిచే క్రోనో దగ్గర తేలిపోతుంది, మైనర్‌గా లెక్కిస్తారు. అంతే కాదు, మ్యాగజైన్ ఎక్కించిన పిస్టల్ 225, 150, 45 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. అమెరికా లిమిటెడ్‌లో ఆ పెట్టె లేదు. వేగాన్ని 950కి పెంచి 171 తెచ్చుకుంటాననుకోండి. మందు మోతాదు మారుతుంది, వెనక్కి తన్నే తీరు మారుతుంది, ముందు సైటు లేచి తిరిగి కుదురుకునే లయ మారుతుంది. నెలల తరబడి చేతికి నేర్పిన లయ అది.

అనేకం: 1.25 మిల్లీమీటర్లని నేను సమర్థించను. దాని వెనక సిద్ధాంతం లేదు, రెండు సంస్థలు వేర్వేరుగా నడిచిన చరిత్ర మాత్రమే ఉంది. కానీ పవర్ ఫ్యాక్టర్‌ని దాంతో కలిపి ఒకే గాటన కట్టకండి. 1976లో అమెరికాలోని మిస్సోరీ రాష్ట్రం, కొలంబియాలో జెఫ్ కూపర్, ఆయనతో కూడినవాళ్ళు ఐపీఎస్‌సీని స్థాపించినప్పుడు మూడు గుణాలు ముందు పెట్టుకున్నారు: కచ్చితత్వం, శక్తి, వేగం. శక్తి కూడా ప్రశ్నలో భాగమే అన్నది వాళ్ళ నమ్మకం. అందుకే బరువైన తూటా వాడినవాడికి అంచున తగిలిన దెబ్బకి కొంచెం ఎక్కువ మార్కులు. బొమ్మ మధ్యలోని 'ఏ' (A) జోన్‌లో ఎవరికైనా 5. సీ జోన్‌లో మేజర్‌కి 4, మైనర్‌కి 3. డీ జోన్‌లో 2, 1. వచ్చిన మార్కుల్ని పట్టిన కాలంతో భాగిస్తే హిట్ ఫ్యాక్టర్. అంటే బలమైన తూటాని చెయ్యి ఎంత లొంగదీసుకోగలదో ఆ లెక్క అడుగుతోంది.

మల్టీగన్‌లో పెద్ద భాగం ఆ లెక్కనే వదిలేసింది. చాలా మ్యాచ్‌ల్లో టైమ్ ప్లస్ పద్ధతి నడుస్తోంది. కాగితం బొమ్మ మీద 'ఏ' (A) జోన్‌లో ఒక్కటి, లేదా ఎక్కడైనా రెండు పడితే ఆ బొమ్మ పనైపోయినట్టే. తప్పితే కాలం మీద సెకన్లు కలుస్తాయి. ఈ లెక్కలో మీ 171 ఎవరికీ అక్కర్లేదు. తక్కువగా తన్నే 9 ఎంఎం పట్టుకుని అందరూ పరిగెత్తుతారు. అదే బొమ్మ, అదే దూరం. హిట్ ఫ్యాక్టర్‌లో మైనర్ వాడు ఒక క్షణం ఆగి మధ్యలో కొట్టాలి, టైమ్ ప్లస్‌లో ఆగకుండా రెండు అంచు దెబ్బలు వేసి కదిలిపోవచ్చు. ఈ రెంటినీ ఒకటి చేయమంటున్నారు. ఏది ఉంచాలి, ఏది తీసేయాలి? ఎవరు తేల్చాలి?

ఏకం: ఆటలు రెండైతే రెండుగానే ఉండనివ్వండి, దానికి నాకు అడ్డు లేదు. కానీ పేర్లు అవే, బిరుదులు అవే, నియమాలే వేరు. అంతర్జాతీయ స్టాండర్డ్ రైఫిల్‌కి ఆప్టిక్ అనేదే లేదు, గొట్టం మీది సైట్లతో కొట్టాలి. అమెరికాలో చాలాచోట్ల లిమిటెడ్ రైఫిల్‌కి పెద్దదిగా చూపని రెడ్ డాట్ ఒకటి ఉండొచ్చు. ఇద్దరూ వచ్చి "మేం సాదా తుపాకితో గెలిచాం" అంటారు. ఒకప్పుడు ఊరికో కుంచం ఉండేది. పక్క ఊళ్ళో ధాన్యం కొన్నవాడు ఇంటికొచ్చి మళ్ళీ కొలుచుకునేవాడు. మల్టీగన్ ఆటగాడు ప్రతి మ్యాచ్ ముందూ చేస్తున్నది అదే పని.

మన హైదరాబాద్ వైపు చూడండి. గచ్చిబౌలి రేంజ్‌లో ఎయిర్ పిస్టల్ పట్టుకున్న పిల్లకీ, ఒలింపిక్స్ ఫైనల్లో నిలబడ్డ మనిషికీ ఒకే కొలత. ట్రిగ్గర్ బరువు కనీసం 500 గ్రాములు. పిస్టల్ 420, 200, 50 మిల్లీమీటర్ల పెట్టెలో పట్టాలి. పది మీటర్ల దూరం ఎక్కడైనా పది మీటర్లే. 2012 లండన్‌లో గగన్ నారంగ్ పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌లో కాంస్యం తెచ్చినప్పుడు, ఆయన కొట్టిన స్కోరు పక్కన తన స్కోరు పెట్టి చూసుకోగలిగాడు ఆ రేంజ్‌లో ఎయిర్ రైఫిల్ పట్టుకున్న పిల్లవాడు. ఆటకి జ్ఞాపకం అంటే అదేనండి. ఫలానా ఏడు ఫలానావాళ్ళు ఇంత కొట్టారు, నేను ఇంత వెనక ఉన్నాను అని తెలియడం. మల్టీగన్‌కి అలాంటి జ్ఞాపకం ఏది? పదేళ్ళ కిందటి విజేత గొప్పవాడా, ఇవాళ్టి విజేత గొప్పవాడా అని అడిగితే సమాధానం లేదు.

అనేకం: ఆ జ్ఞాపకానికి వాళ్ళెంత వెల కట్టారో చూశారా? రైఫిల్ షూటర్ల జాకెట్ బట్ట మందం కొలుస్తారు, బిరుసు కొలుస్తారు, బూటు అడుగు వంగే తీరు కొలుస్తారు. మనిషి తప్ప ఇంకేదీ కదలకుండా అన్నీ బిగించేస్తే తప్ప ఆ పోలిక నిలవదు. ఆ ఆట మీద నాకు గౌరవం ఉంది. పిస్టల్ షూటర్ ఇషా సింగ్ లాంటి హైదరాబాద్ అమ్మాయి ఆ బిగింపు లోపలే అంత ఎత్తుకి వెళ్ళింది. కానీ మల్టీగన్‌లో స్టేజే ఏ రెండు మ్యాచ్‌ల్లోనూ ఒక్కటి కాదు. ఒకచోట కొండవాలు మీద 400 గజాల పలకలు, ఇంకోచోట గోడల మధ్య ఇరుకు సందు. రేపు పనిముట్ల నియమాలన్నీ ఒకటి చేసినా మీరు కోరే పోలిక రాదు. ఈ ఆట పుట్టింది సమస్య ఇచ్చి పరిష్కారం అడగడం కోసం. పనిముట్ల నియమం ఆ సమస్యలో ఒక భాగం.

ఇంకోమాట. పిస్టల్ మీద రెడ్ డాట్ అన్నది 1990ల్లో ఓపెన్ డివిజన్ వాళ్ళ వింత వస్తువు. పెద్దగా, బరువుగా ఉండేది. ఓపెన్‌లో దానికి చోటుంది కాబట్టి అది బతికింది, చిన్నదైంది, గట్టిపడింది. 2010ల్లో యూఎస్‌పీఎస్‌ఏ క్యారీ ఆప్టిక్స్ అనే డివిజన్ పెట్టింది. 2017లో అమెరికా సైన్యం తీసుకున్న కొత్త పిస్టల్ స్లైడ్ మీదే ఆప్టిక్‌కి చోటుంది. అన్ని డివిజన్లకీ మొదటి రోజు నుంచే ఒక్క నియమం ఉంటే, ఆ వస్తువుని అయితే అందరూ నిషేధించేవాళ్ళు, లేకపోతే అందరూ కొనాల్సి వచ్చేది.

ఏకం: ఓపెన్ ఒక ప్రయోగశాలలా పనిచేసిందన్నది ఒప్పుకుంటాను. కానీ ఆ ప్రయోగానికి డబ్బు ఎవరు పెడుతున్నారు? షాట్‌గన్నే తీసుకోండి. ఓపెన్‌కి పెట్టె మ్యాగజైన్ షాట్‌గన్ కావాలని రష్యా సైగా-12 కొన్నవాళ్ళు ఎందరో. 2014లో అమెరికా కలాష్నికోవ్ కంపెనీ మీద ఆంక్షలు పెట్టింది, దిగుమతి ఆగింది. వెప్ర్-12 వైపు వెళ్ళారు. 2017లో దాన్ని చేసే మోలోట్ మీద కూడా ఆంక్షలు వచ్చాయి. ఆటకీ రాజకీయానికీ సంబంధం లేదు, కానీ ఒక డివిజన్ నియమాన్ని నమ్మి పెట్టుబడి పెట్టినవాడు విడి భాగాల కోసం వెతుక్కున్నాడు. మీరు సర్దుబాటు అంటున్నది నాకు చాలాసార్లు జేబు బరువుగానే కనిపిస్తుంది. ఇక్కడ ట్యాక్టికల్‌కి ఒక పిస్టల్, అక్కడ లిమిటెడ్‌కి ఇంకోటి, ప్రపంచ పోటీకి మూడోది. అవి కొనగలిగినవాడు ఏ నియమానికైనా ఇట్టే సర్దుకుంటాడు. ఒక్కటే తుపాకి ఉన్నవాడికి ప్రతి కొత్త నియమం ఒక గోడ.

అనేకం: డబ్బు మాట నిజం, దాన్ని తేలిగ్గా దాటను. అయితే షాట్‌గన్ పేరు ఎత్తారు కాబట్టి నా మనసులో ఉన్నది చెప్పనివ్వండి. ఈ ఆటలో నాకన్నిటికన్నా అందంగా కనిపించేది అక్కడే ఉంది.

ట్యాక్టికల్, లిమిటెడ్ డివిజన్లలో షాట్‌గన్ గొట్టం కింద ట్యూబ్‌లోంచే తూటాలు తీసుకోవాలి, పెట్టె మ్యాగజైన్ కుదరదు. చాలా మ్యాచ్‌ల్లో మొదలుపెట్టేటప్పుడు తొమ్మిది తూటాలకి మించి ఉండకూడదు. స్టేజ్‌లో షాట్‌గన్ లక్ష్యాలు ఇరవై దాటొచ్చు. అంటే పరిగెత్తుతూనే నింపుకోవాలి. మొదట్లో ఒక్కొక్క తూటానే నెట్టేవాళ్ళు. తర్వాత ఎవరో ఆలోచించారు. బెల్టు మీద తూటాల్ని రెండేసి జంటలుగా, ఒకదాని వెనక ఒకటి నిలబెట్టారు. చెయ్యి వెళ్ళి ఒక్క పట్టులో నాలుగు అందుకుంటుంది. తుపాకి తిరగబడి భుజం మీదకి వస్తుంది, బొటనవేలు మొదటి రెంటినీ ఒక్క తోపులో ట్యూబ్‌లోకి పంపుతుంది, అరచెయ్యి జారగానే మిగతా రెండూ వెళ్తాయి. చెయ్యి తిరిగినవాడు రెండు సెకన్లలోపు నాలుగు తూటాలు ఎక్కించేస్తాడు, కాళ్ళు మాత్రం తరువాతి చోటుకి పరిగెత్తుతూనే ఉంటాయి. చలికాలం పొద్దున వేళ్ళు కొయ్యబారితే నాలుగో తూటా నేల పాలు. దాన్ని వదిలేయాలా, వంగాలా, ఇంకో జంట తీయాలా, అప్పటికప్పుడే తేల్చుకోవాలి. ఈ విద్యంతా ఎందుకు పుట్టిందనుకున్నారు? ఒక నియమం "పెట్టె వద్దు" అంది కాబట్టి. రేపు మీ ఒకే నియమం పెట్టె మ్యాగజైన్‌కి ఒప్పుకుంటే ఈ విద్య ఒక్క సీజన్‌లో కనుమరుగవుతుంది. హెవీ మెటల్ డివిజన్ మాటేమిటి? పంప్ షాట్‌గన్, .308 రైఫిల్, .45 పిస్టల్. బరువు, తన్ను, తక్కువ తూటాలు. వాళ్ళు పాత వస్తువుల మీద మోజుతో ఆడటం లేదు, కష్టం కోసం ఆడుతున్నారు.

ఏకం: నాలుగేసి నింపడం గురించి మీరన్నదానికి నా దగ్గర ఎదురు మాట లేదు. అడ్డంకి పెడితేనే విద్య పుడుతుంది, నిజం. కానీ నేనడిగింది ఒకటే డివిజన్ కాదండీ. నాలుగు ఉండనివ్వండి, ఐదు ఉండనివ్వండి. పెట్టె వద్దన్న డివిజన్ అన్నిచోట్లా పెట్టె వద్దనాలి. తొమ్మిదంటే అన్నిచోట్లా తొమ్మిది. మీ నాలుగేసి విద్యని ఒకచోట నేర్చుకున్నవాడికి అది రెండోచోట పనికిరాకుండా పోకూడదు. విద్యని కాపాడటానికి కూడా స్థిరమైన నియమం కావాలి కదా?

అనేకం: మీరుండేది కాలిఫోర్నియాలో. నేను టెక్సస్‌లో. మీ దగ్గర పది తూటాలకి మించి పట్టే మ్యాగజైన్ మీద చట్టం ఉంది. కొలరాడోలో 2013 నుంచి పదిహేను హద్దు. న్యూయార్క్‌లో మళ్ళీ పది. మా దగ్గర హద్దు లేదు, రైఫిల్‌కి ముప్పై తూటాల మ్యాగజైన్ మామూలు. మీ ఒకే నియమం ఏ రాష్ట్రం చట్టం మీద నిలబడుతుంది? మాది ఆధారమైతే మీ క్లబ్బు మూసేయాలి. మీది ఆధారమైతే దేశమంతా పదికి దిగాలి. ఊరూరి మ్యాచ్ డైరెక్టర్లు తమ నేలకి తగ్గట్టు నియమం రాసుకున్నారు కాబట్టే మీరు కూడా ఆడుతున్నారు. ప్రతి చోటి నుంచీ పదికి మించని బొమ్మలు కనిపించేలా స్టేజ్ కట్టేవాళ్ళని మీరే చూసి ఉంటారు. 1994 నుంచి 2004 దాకా కొత్త మ్యాగజైన్లకి దేశమంతటా పది హద్దు ఉన్నప్పుడు కూడా ఆట చావలేదు. పది తూటాల డివిజన్లు ఆ కాలంలోనే వేళ్ళూనుకున్నాయి.

ఏకం: ఆ ఉదాహరణ నా వైపే మాట్లాడుతోంది. యూఎస్‌పీఎస్‌ఏ ప్రొడక్షన్ డివిజన్ ఏళ్ళ తరబడి పది తూటాలది. ఏ రాష్ట్రం నుంచి వచ్చినా పదే. నేను టెక్సస్ వచ్చి మీ పక్కన నిలబడితే ఇద్దరం ఒకేచోట మ్యాగజైన్ మార్చేవాళ్ళం. చట్టాలు వేరైనా ఆట నియమం మనల్ని సమానం చేసింది. తరువాత దాన్ని పదిహేనుకి పెంచారు. ఇప్పుడు నేను పదితోనే ఉన్నాను, నా పక్కవాడు పదిహేనుతో ఉన్నాడు, పేరు మాత్రం అదే డివిజన్. సమానత్వం అసాధ్యం కాదు. చేతిలో ఉన్నదాన్నే వదులుకున్నారు.

అనేకం: ఇది నాకు గుచ్చుకునే మాటే. మా రాష్ట్రంలో కూర్చుని ఆ మార్పు బాగుందనుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను, మీవైపు నుంచి చూడలేదు. అయితే ఒక్క సంగతి చూడండి. ఐపీఎస్‌సీ ప్రొడక్షన్‌లో అప్పటికే పదిహేను ఉంది. అంటే అమెరికా అంకె ప్రపంచం అంకెతో కలిసింది. మీరు కోరుకునే ఏకత్వం దిశగానే ఒక అడుగు పడింది, మీరు బయట మిగిలారు. ఎవరితో ఒకటవుతామన్న దాంట్లోనే ఎవరిని వదిలేస్తామన్నది కూడా ఉంది. ఏ ఏకత్వాన్నైనా ఎవరో ఒకరు ఈ పక్క నుంచి చూడాల్సి వస్తుంది.

ఏకం: ఆ పక్కన నిలబడ్డవాణ్ణి కాబట్టే ఒప్పుకుంటున్నాను, ఒకే నియమం కూడా అన్యాయం చేయగలదు. అయినా అన్యాయం ఒక్కచోట, ఒక్క రూపంలో ఉంటే దాని మీద పోట్లాడొచ్చు. ముప్పై నియమ పుస్తకాల్లో చెదిరిపోయిన అన్యాయం మీద ఎవరితో పోట్లాడాలి?

ఇంకొకటి ఉంది, అక్కడ నేను ఒక్క అడుగు కూడా వెనక్కి వేయను. భద్రత. మల్టీగన్‌లో తుపాకి మార్చేటప్పుడు మొదటిదాన్ని పీపాలోనో బల్ల మీదో వదిలి రెండోది అందుకుంటాం. వదిలేటప్పుడు సేఫ్టీ వేసి ఉండాలి, లేదా ఖాళీ అయి ఉండాలి. ఇంతవరకు అందరూ చెప్పేదే. బొటనవేలి సేఫ్టీ లేని పిస్టళ్ళ సంగతేమిటి? వాటిని ఎలా వదలాలన్నది ప్రతి మ్యాచ్ పుస్తకంలోనూ విడిగా చదువుకోవాలి. చదివాను, గుర్తుంది అనుకుందాం. కానీ పరుగులో పనిచేసేది బుద్ధి కాదు, అలవాటు. ఒక వారం బొటనవేలి సేఫ్టీ ఉన్న పిస్టల్, మరో వారం లేనిది. చెయ్యి ఒకదాని అలవాటు రెండోదాని మీదకి మోసుకొస్తుంది. స్కోరు పోతే పోయింది. ఇక్కడ పోయేది స్కోరు కాకపోవచ్చు.

అనేకం: ఇక్కడ మీతో వాదించను. గొట్టం 180 డిగ్రీల గీత దాటకూడదు, కదిలేటప్పుడు వేలు ట్రిగ్గర్ బయట ఉండాలి, తుపాకి జారితే ఇంటికెళ్ళాలి. ఇవి అన్నిచోట్లా ఒకటే, ఒకటే ఉండాలి. వదిలే పద్ధతి కూడా ఒకటే అయితే నాకు సంతోషం.

కానీ అలవాటు మాటకి రెండో ముఖం ఉంది. ఒక్క తుపాకే తెలిసినవాడు దాన్ని చూడకుండానే వాడతాడు. రెండు మూడు తెలిసినవాడు ప్రతిసారీ చూసుకుంటాడు. నేను మారేటప్పుడు ఎలా మారతానో చెబుతాను. అన్నీ ఒకేసారి మార్చను. డివిజన్ మారితే ముందు పిస్టల్ మారుతుంది, బెల్టు మీద మ్యాగజైన్ల చోటు మారదు. పిడి వాలు ఒకే కోణంలో ఉన్న పిస్టళ్ళే ఉంచుకుంటాను, చెయ్యి పైకి రాగానే సైటు కంటి ముందుండాలి. ట్రిగ్గర్లని వీలైనంత దగ్గరి బరువులో పెట్టుకుంటాను. రైఫిల్‌కి స్కోప్ తీసి రెడ్ డాట్ పెట్టినప్పుడు 100, 200, 300 గజాల్లో గురి ఎంత పైన పట్టాలో మళ్ళీ కొట్టి చూసి, చీటీ రాసి తుపాకి పిడికి అంటిస్తాను. కొత్త తూటా అయితే క్రోనో మీద చలి రోజునా, ఎండ రోజునా రెండుసార్లు చూస్తాను, ఎందుకంటే కొన్ని మందులకి ఎండా చలీ పట్టినప్పుడు వేగం మారుతుంది, 165 దగ్గర ఊగిసలాడే లెక్క ఆ పూట తప్పొచ్చు. మ్యాచ్‌కి వారం ముందు పుస్తకంలో నా డివిజన్ పేజీ, తుపాకి వదిలే పేజీ మళ్ళీ చదువుతాను. ఆపైన ఇంట్లో, తూటాల్లేకుండా, ఆ పిస్టల్‌తోనే సాధన. పాతది పెట్టెలోంచి బయటికి రాదు.

ఏకం: మీరు చెప్పిందంతా మరోసారి వినండి. పిడి కోణం ఒకటే, బెల్టు చోటు ఒకటే, ట్రిగ్గర్ బరువు ఒకటే. మారే నియమాల మధ్య మీరు మీ నడుము చుట్టూ ఒక మారని నియమం కట్టుకున్నారు. మీ సర్దుబాటు సగం ఏకత్వమే. చేతికి స్థిరత్వం కావాలని ఒప్పుకున్నాక, ఆటకి మాత్రం అక్కర్లేదంటారేం?

అనేకం: చెయ్యి అడిగినదల్లా ఇస్తే ఆట సాధనగా మిగిలిపోతుంది కాబట్టి. మిగతా సగం మాటేమిటి మరి? ఆ మిగతా సగం కోసమే నేను రెండు రోజుల ముందే బయల్దేరి, మూడు రాష్ట్రాలు దాటి కారు నడుపుతాను. నేర్చుకున్నది నా తుపాకి నేర్చుకుందా, నేను నేర్చుకున్నానా అన్నది, తుపాకి మారినప్పుడే తెలుస్తుంది.

ఏకం: ఆ ప్రయాణం చేయగలిగినవాడికి తెలుస్తుంది. డాలస్‌లోనో శాన్ హోసేలోనో మన పిల్లలు కొందరు ఇప్పుడు రేంజ్‌కి వస్తున్నారు. 9 ఎంఎం పిస్టల్ మామూలు పౌరుడికి దొరకని నిషిద్ధ బోరుగా ఉన్న దేశం నుంచి వచ్చినవాళ్ళు వాళ్ళ తల్లిదండ్రులు. ఆ తల్లిదండ్రులకి తుపాకి అంటేనే భయం, నియమాలంటే నమ్మకం. "ఏ డివిజన్‌లో మొదలుపెట్టాలి, ఏది కొనాలి?" అని అడుగుతారు. ఒక్క వాక్యంలో చెప్పలేకపోతున్నాను. "ఏ మ్యాచ్‌కి వెళ్తారో దాన్నిబట్టి" అన్నప్పుడల్లా వాళ్ళ ముఖంలో ఆసక్తి తగ్గడం చూస్తున్నాను.

అనేకం: నేనైతే ఉన్నదానితో వెళ్ళమంటాను. ఇంట్లో ఉన్న పిస్టల్, అరువు తెచ్చుకున్న షాట్‌గన్. ఓపెన్‌లో వేస్తే వేయనీ. మొదటి ఏడాది ఎవరూ డివిజన్‌తో పోటీ పడరు, టైమర్ కూతకి కాళ్ళు వణకకుండా నిలబడటమే పని.

ఏకం: రెండో ఏడాది?

అనేకం: రెండో ఏడాది మీరు చెప్పినట్టే అవుతుంది. పుస్తకాలు, కొలతలు, ఖర్చు. దానికి నా దగ్గర తేలిక సమాధానం లేదు. కానీ ఒకటి అడుగుతాను. కొన్ని మ్యాచ్‌ల్లో ఒక స్టేజ్‌కి తుపాకి వాళ్ళే పెడతారు. ఎవరి సొంతం కాని రైఫిల్, బల్ల మీద. అందరూ దాన్నే ఎత్తాలి. డివిజన్ లేదు, కొలత లేదు, ఎవరికీ దానితో సాధన లేదు. ఆ స్టేజ్ అంటే మీకిష్టమా?

ఏకం: మల్టీగన్‌లో నాకు పూర్తి న్యాయం దొరికేది అక్కడే. అందరికీ ఒకే పనిముట్టు. నేను కోరేది అదే.

అనేకం: తెలియని తుపాకిని పట్టుకుని అప్పటికప్పుడు లొంగదీసుకోవడం. నేను కోరేది కూడా అదే.

ఏకం: అయితే ఆ రైఫిల్‌ని జీరో చేసింది ఎవరు, ఎన్ని గజాలకి చేశారు, స్టేజ్ వివరణలో రాశారా లేదా, అది చెప్పండి. అది రాసి ఉంటే, ముందుగా అడిగి తెలుసుకోవడం తెలిసినవాడికీ తెలియనివాడికీ ఒకే సమాచారం అందుతుంది. రాయకపోతే పాతకాపులకి తెలుస్తుంది, ఆ కొత్త పిల్లకి తెలియదు.

అనేకం: రాయకపోతే మొదటి తూటా ఎక్కడ పడిందో ఆమే చూసి సరిచేసుకోవాలి. రాసి పెట్టాలా వద్దా అన్నదాని మీద, మ్యాచ్ డైరెక్టర్ స్థానంలో మీరున్నా నేనున్నా, చెరో మాటే చెబుతాం.